వాడు నాకు కట్టిన ఫీజు

ఒడిశాలోని రాయగడలో మాది గేట్లు, గ్రిల్స్ చేసే చిన్న షెడ్. నాతో కలిపి ముగ్గురం. ఎనిమిది నెలలు నా దగ్గర వెల్డింగ్ నేర్చుకున్న గుంటడు దసరా వెళ్లిన వారానికే విశాఖ రైలెక్కేశాడు. "మేస్త్రీ, అక్కడ ఎక్కువిస్తామన్నారు" అని ఫోన్ చేశాడు, అదీ విజయనగరం దాటాక! రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

మరి కోపం రాదా? మొదటి నెలంతా వాడి పని రాడ్డును ఇనుముకి అతికించేసి, పీకలేక నా మొహం చూడటమే. ఆర్క్, అంటే రాడ్డు కొసన మండే మెరుపు, కుదిరితే కాగిన నూనెలో వడ వేసినట్టు ఒకే తీరున చిటపటలాడుతుంది, చెయ్యి కాస్త పైకి లేచిందా, ఆ చప్పుడు తెగిపోతుంది. నేను అటు తిరిగి కొలతలు రాసుకుంటూనే "ఒరేయ్, దగ్గరగా పట్టు" అని అరిచేవాణ్ణి. ఆ రాడ్లు, ఆ కరెంటు, నా గొంతు, అన్నీ బూడిదలో పోసిన పన్నీరే అనుకున్నా.

ఒక రాత్రి నిద్ర పట్టక లెక్కేశాను. వాడికి రోజుకు 200 ఇచ్చాను. బస్తాలు మోస్తే 500 వచ్చేది. రోజుకు 300 చొప్పున నెలకు 25 రోజులు, ఎనిమిది నెలలు... 60,000 వాడు వదులుకున్నాడు. పాడైన రాడ్లు తీసేసినా నాకే మిగిలింది. గ్యారీ బెకర్ అనే అమెరికా ఆర్థికవేత్త 1960ల్లోనే ఈ మాట చెప్పాడట: ఎక్కడైనా పనికొచ్చే విద్యకు యజమాని ఖర్చు పెట్టడు, నేర్చుకునేవాడే తక్కువ జీతంతో దాన్ని భరిస్తాడని. నా షెడ్‌లో నేర్చిన అతుకు విశాఖలోనూ నిలుస్తుంది కదా, ఇంక వాడు నాకేం బాకీ?

ఐటీఐకి పంపొచ్చు కదా అంటారు. వెల్డర్ కోర్సు ఏడాదే, ఫిట్టర్‌కైతే రెండేళ్లు. అందరూ ఫీజెంత అని అడుగుతారు గానీ అసలు ఖర్చు ఆ ఏడాది పోయే కూలి, పై లెక్కలోనే లక్షన్నర. అంత ఆగగలిగిన ఇంటివాడు ఐటీఐకి వెళ్తాడు, ఆగలేనివాడు నా దగ్గరికొస్తాడు.

పనిలో ఉండి నేర్చుకునేవాళ్ల కోసం అప్రెంటిస్ చట్టం 1961 నుంచీ ఉంది. వాళ్లకిచ్చే స్టైపెండ్‌లో పావు వంతు, నెలకు 1,500 దాకా కేంద్రం ఇచ్చే పథకం 2016లో వచ్చింది. 2019 రూల్స్ ప్రకారం 30 మంది గానీ అంతకు పైన గానీ ఉన్నచోట అప్రెంటిస్‌లను పెట్టుకోవాల్సిందే, చిన్నవాళ్లం ఇష్టమైతే పెట్టుకోవచ్చు, కానీ కనీసం నలుగురుండాలి. మేం ముగ్గురం! అంటే కాగితం మీద వాడు నా దగ్గర ఏమీ నేర్చుకోనట్టే.

మొన్న మళ్లీ ఫోన్. సర్టిఫికెట్ లేదని హెల్పర్‌గానే పెట్టుకున్నారట, వెల్డింగ్ వచ్చని నన్నొక కాగితం రాసివ్వమన్నాడు. కాసేపు బెట్టు చేశాను. తర్వాత లెటర్‌హెడ్ తీశాను, పైన అంతా ఒడియా, అక్కడెవరు చదువుతారు? కింద తెలుగులో రాసి, ముద్ర కొట్టి వాట్సాప్‌లో పంపాను.