ఉంగరాల మాస్టారి ఊళ్ళో

"సమాధి చూడ్డానికి రైలు టికెట్టు కొనుక్కుని వెళ్ళేవాళ్ళని మిమ్మల్నే చూస్తున్నాను" అంది మా ఆవిడ, పులిహోర డబ్బా సంచిలో సర్దుతూ. "తిరిగొచ్చాక తండ్రీ కూతుళ్ళిద్దరూ తిన్నగా స్నానాలకి పోవాలి. సోఫా మీద కూలబడ్డారో, ఊరుకునేది లేదు."

2024 మే నెల. రెడింగ్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయి దగ్గరికి వచ్చి మూడు వారాలైంది. లండన్ చూడటం అయిపోయింది. ఈసారి శనివారం నాన్నని ఆక్స్‌ఫర్డ్ తీసుకెళ్తానంది. కాలేజీలు చూపించడానికి కాదు. అంతకుముందు సంవత్సరం నా చేత పట్టుబట్టి చదివించిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కీన్ ఊరు చూపించడానికి. ఆ పుస్తకం నాకు నాలుగు నెలలు పట్టింది. నేను గుంటూరు జిల్లా పరిషత్ బడుల్లో ముప్పై మూడేళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి. ఇంగ్లీషు చదువుతాను కానీ నడక నెమ్మది. పైగా మధ్యమధ్యలో వచ్చే పాటలన్నీ వదిలేశాను. ఈ సంగతి రైల్లో నోరు జారి చెప్పేసరికి మా అమ్మాయి ముఖం మాడ్చుకుంది.

"పాటలు వదిలేస్తే భాగవతంలో పద్యాలు వదిలేసి వచనం చదివినట్టు కాదా నాన్నా?"

నా మాటే నాకు అప్పజెప్పింది. ఏమంటాను?

రెడింగ్ నుంచి అరగంట ప్రయాణం. ఆ అరగంటా తన స్నేహితుల పోట్లాటల గురించి చెప్పింది. నెలకోసారి పదిమంది చేరతారట. అందరూ ఫాంటసీ పిచ్చివాళ్ళే. 'నీకిష్టమైన సిరీస్ ఏది' అని ఎవరైనా అడిగారంటే ఆ పూట కాఫీలు చల్లారిపోవాల్సిందే. ఒకతను రాబర్ట్ జోర్డన్ భక్తుడు. ఆయన 'వీల్ ఆఫ్ టైమ్' రాస్తూ రాస్తూ 2007లో పోతే, వదిలిపెట్టిన నోట్సు ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ అనే మరో రచయిత 2013కల్లా పధ్నాలుగో సంపుటంతో ముగించాడట. మన భారతం కూడా ముగ్గురి చేతుల మీదుగానే పూర్తయిందని గుర్తుచేశాను. ఇంకొకమ్మాయి 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' కథలు రాసే జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ఆరో పుస్తకం కోసం ఎదురుచూస్తోంది. అయిదోది వచ్చింది 2011లో.

"పదమూడేళ్ళా! మాకు చందమామలో 'ఇంకా ఉంది' అని చూస్తే నెల రోజులు ఆగడమే గండంగా ఉండేది."

మా అమ్మాయి మాత్రం ఉర్సులా లె గ్విన్ పక్షం. ఆమె 'ఎర్త్‌సీ' కథల్లో ఒకరి అసలు పేరు తెలిస్తే వాళ్ళు మన చేతిలో ఉన్నట్టేనట, అందుకని ఎవరూ అసలు పేరు బయటపెట్టరట. మొదటి పుస్తకం 1968లో వచ్చిందని చెప్పింది. ఆ సంవత్సరం నాకు బాగా గుర్తు. చందమామలో 'శిథిలాలయం' సీరియల్ వచ్చిన సంవత్సరం. మా వీధిలో ఒక్కరే తెప్పించేవారు. పుస్తకం నా వంతుకి వచ్చేసరికి అట్ట ఊడిపోయి ఉండేది.

ఆక్స్‌ఫర్డ్‌లో దిగేసరికి తుంపర మొదలైంది. క్రైస్ట్ చర్చ్ కాలేజీ ముందు హారీ పాటర్ అభిమానుల వరస చూస్తే శనివారం నాడు తిరుమలలో నిలబడ్డట్టే ఉంది. ఆ సినిమాల కోసం ఈ కాలేజీ మెట్ల మీద చిత్రీకరణ జరిగిందట. ఆలిస్ కథ రాసిన లూయిస్ కెరోల్ లెక్కల పాఠాలు చెప్పింది కూడా ఇక్కడేనట. వరస వీధి మలుపు దాటింది. మేం దణ్ణం పెట్టి పక్కకి తప్పుకున్నాం.

బొటానిక్ గార్డెన్‌లో ఒక చెక్క బెంచీ ఉంది. ఫిలిప్ పుల్మన్ నవలల్లో లైరా, విల్ అనే ఇద్దరు పిల్లలు వేరువేరు లోకాల్లో ఉండిపోవలసి వచ్చినప్పుడు, ఏడాదికోసారి ఎవరి లోకంలో వాళ్ళు వచ్చి ఈ బెంచీ మీద కూచుంటామని ఒట్టు వేసుకుంటారు. బెంచీ వెనక రెండు జంతువుల లోహపు బొమ్మలు పెట్టారు. మా అమ్మాయి కూచుని కాసేపు మాట్లాడలేదు. నేను ఆ నవలలు చదవలేదు. అయినా కదిలించబుద్ధి కాలేదు, గొడుగు పట్టుకుని నిలబడ్డాను. టోల్కీన్‌కి ఇష్టమైన పెద్ద నల్ల పైన్ చెట్టు కూడా ఈ తోటలోనే ఉండేదట. కొమ్మలు విరిగిపడటంతో 2014లో కొట్టేశారు.

ఎక్సెటర్ కాలేజీ దగ్గర నాకు ఉత్సాహం వచ్చింది. టోల్కీన్ చదువుకున్నది అక్కడే. కాలేజీ లైబ్రరీలో ఫిన్నిష్ భాష వ్యాకరణం ఒకటి దొరికితే, ద్రాక్షసారా తాగినవాడిలా ఆ భాష మత్తులో పడిపోయాడట. ఆ మత్తులోంచే తన సొంత భాషలు కల్పించుకున్నాడు. ముందు భాష పుట్టింది. ఆ భాష మాట్లాడేవాళ్ళు కావాలి కనక ఎల్ఫులనే జాతి, వాళ్ళకో లోకం, దానికో చరిత్ర తరవాత పుట్టాయి. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి వచ్చాక కొన్నాళ్ళు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో డబ్ల్యూ అక్షరం మాటల మీద పనిచేశాడు కూడా. వ్యాకరణం చెప్పే వాళ్ళంటే లోకువ కట్టే ఈ లోకంలో, కోట్లమంది చదివే కథ ఒక వ్యాకరణం మాస్టారి బుర్రలోంచి వచ్చిందంటే నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"కానీ పాఠం బాగా చెప్పేవాడు కాదట నాన్నా. గొణుక్కునేవాడట. ఒక్క బేవుల్ఫ్ కావ్యం మొదలుపెట్టే రోజున మాత్రం గదిలోకి వస్తూనే పాత ఇంగ్లీషులో మొదటి మాట గట్టిగా అరిచేవాడట. పిల్లలు ఉలిక్కిపడేవాళ్ళట."

అది నాకు తెలిసిన విద్యే. పదో తరగతి వెనక బెంచీల్ని నిద్ర లేపడానికి నేనూ తిక్కన పద్యం ఎత్తుకునేవాణ్ణి.

సెయింట్ గైల్స్ వీధిలో ఈగిల్ అండ్ చైల్డ్ అనే పబ్బు చూడాలని ఎంతో ఆశతో వెళ్ళాం. టోల్కీన్, నార్నియా కథలు రాసిన సి.ఎస్. లూయిస్, వాళ్ళ మిత్రులు ఇంక్లింగ్స్ అని పేరు పెట్టుకుని మంగళవారాలు ఇక్కడ చేరేవారు. గురువారం రాత్రులు మాడ్‌లిన్ కాలేజీలో లూయిస్ గదిలో. రాసింది రాసినట్టు చదివి వినిపించుకునేవారు. హ్యూగో డైసన్ అనే మిత్రుడికి ఎల్ఫుల కథ వినడం ఎంత విసుగంటే, చివరికి ఆయన ఉన్న రోజున టోల్కీన్ చదవడమే మానుకున్నాడట. లూయిస్ మాత్రం 'తరవాత ఏమైంది' అని వెంటబడి రాయించాడు. అంత చేసిన స్నేహితుడి నార్నియా మాత్రం టోల్కీన్‌కి నచ్చలేదు. సాహితీ మిత్రులు ఏ దేశంలోనైనా ఒకటే.

పబ్బు తలుపు మూసి ఉంది. 2020లో కోవిడ్ అప్పుడు మూసింది మూసినట్టే ఉంది. మధ్యలో యజమాని కూడా మారాడు. ఎదురుగా ఉన్న ల్యాంబ్ అండ్ ఫ్లాగ్ కూడా ఇలాగే మూతపడితే, ఊళ్ళోవాళ్ళు ఒక సంఘంగా ఏర్పడి 2022లో తిరిగి తెరిచారట. ఇంక్లింగ్స్ తరవాతి రోజుల్లో అక్కడికే మారారు కూడా. లోపలికి వెళ్ళి నారింజ రసం తాగి వచ్చాం. పులిహోర మాత్రం యూనివర్సిటీ పార్క్స్‌లో తడి బెంచీ మీద తిన్నాం. ఇంగువ వాసనకి ఒక కుక్క వచ్చి నిలబడింది, దాని యజమాని క్షమించమని అడిగి లాక్కెళ్ళాడు.

అక్కణ్ణుంచి నడిస్తే నార్త్‌మూర్ రోడ్డు. పెద్ద పెద్ద ఇళ్ళు, చెట్లు, చప్పుడు లేని వీధి. నేను గబగబా ముందు నడిచి ఒక ఇంటి ముందు గడ్డం సరిచేసుకుని నిలబడ్డాను. నాలుగు ఫొటోలు తీశాక మా అమ్మాయికి అనుమానం వచ్చింది. అది 22వ నంబరు. మనం వెతుకుతున్నది 20. నాకు సిగ్గేసింది. ఫోనులో చూసి తనే నవ్వింది. 1926 నుంచి 1930 దాకా టోల్కీన్ కుటుంబం ఆ 22లోనే ఉందట, తరవాతే పక్కింటికి మారారు. పొరపాటున నిలబడ్డా సరైన గుమ్మం ముందే నిలబడ్డాను.

20వ నంబరు ఇంటి గోడకి గుండ్రటి నీలం ఫలకం ఉంది. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ రచయిత 1930 నుంచి 1947 దాకా ఇక్కడ నివసించాడని. లోపలికి పోవడానికి లేదు, ఎవరో కాపురముంటున్నారు. కొన్నేళ్ళ క్రితం ఈ ఇంటిని కొని సాహిత్య కేంద్రం చేద్దామని చందాలు పోగుచేశారు. సినిమాలో గాండాల్ఫ్ వేషం వేసిన ఇయాన్ మెక్‌కెలెన్ లాంటివాళ్ళు గొంతు కలిపినా, దాదాపు నలభై అయిదు లక్షల పౌండ్ల ధర అందలేదు.

ఈ వీధిలో ఉండగానే ఒక వేసవిలో టోల్కీన్ పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడట. బడిపిల్లల పేపర్లు. పిల్లల్ని పెంచాలి, జీతం చాలదు, పై సంపాదన కోసం. దిద్దీ దిద్దీ విసిగిపోయిన వేళ, ఏ పిల్లవాడో ఏమీ రాయకుండా వదిలేసిన పేజీ కనిపించింది. దాని మీద ఊరికే ఒక వాక్యం రాశాడు. నేలలో ఒక బొరియలో ఒక హాబిట్ ఉండేవాడు అని. హాబిట్ అంటే ఏమిటో అప్పటికి తనకీ తెలియదు. అది తేల్చుకోవడానికి రాసిన పుస్తకం 1937లో వచ్చింది. దాని వెనకాలే ఉంగరం కథ, 1954, 55ల్లో మూడు సంపుటాలుగా.

ఈ కథ విని నేను ఆ ఇంటి ముందు చాలాసేపు నిలబడ్డాను. ఇరవై ఎనిమిది వేసవులు స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళినవాణ్ణి. గుంటూరు ఎండలో రేకుల షెడ్డు కింద, చెమట పేపరు మీద పడకుండా భుజాన తువ్వాలు వేసుకుని. ఖాళీ పేజీలు నాకూ వందల కొద్దీ దొరికాయి. ప్రతి దాని మీదా ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టాను. రూలు మరి.

"నువ్వూ రాయాల్సింది నాన్నా."

"రాసుంటే మెమో ఇచ్చేవాళ్ళు."

చివరి మజిలీ వూల్వర్‌కోట్ శ్మశానం. బాన్‌బరీ రోడ్డు మీద వెళ్ళే బస్సు ఎక్కాం. గేటు దాటితే దారి చూపించే చిన్న చిన్న బోర్డులున్నాయి, 'జె.ఆర్.ఆర్. టోల్కీన్, రచయిత' అని. అవి లేకపోతే దొరకదు. మిగతా వాటికన్నా పెద్దదేం కాదు. బూడిద రంగు రాయి. ముందు భాగంలో మొక్కలు, వాటి మధ్య ఎవరెవరో వదిలి వెళ్ళిన పూలు, పెన్నులు, ఒక ఉంగరం, మడిచిన కాగితాలు.

రాయి మీద ముందు భార్య పేరు. ఎడిత్ మేరీ టోల్కీన్. దాని కింద లూథియెన్. తరవాత ఆయన పేరు, దాని కింద బెరెన్. అవి ఆయన కల్పించిన కథలో ప్రేమికుల పేర్లు. పదహారేళ్ళప్పుడు తనకన్నా మూడేళ్ళు పెద్దదైన ఎడిత్‌ని ఇష్టపడితే, పెంచిన చర్చి ఫాదర్ ఇరవై ఒకటి నిండేదాకా ఉత్తరం ముక్క కూడా రాయకూడదన్నాడు. ఆగాడు. నిండిన రోజునే ఉత్తరం రాశాడు. అప్పటికి ఆమెకి వేరొకరితో నిశ్చితార్థం అయిపోయింది, దాన్ని రద్దు చేసుకుని వచ్చింది. 1917లో, సైన్యంలో ఉన్నప్పుడు, ఒక అడవిలో తెల్లపూల మధ్య ఆమె తన కోసం నాట్యం చేసిందట. లూథియెన్ అప్పుడు పుట్టింది. 1971లో ఆమె పోతే ఆ పేరు ఆయనే చెక్కించమన్నాడు. రెండేళ్ళకి ఆయన పేరు కింద బెరెన్ చేరింది.

చదివి వినిపిస్తూ మా అమ్మాయి గొంతు కాస్త మారింది. నేను వేరే లెక్కలో పడ్డాను. 1954. ఇక్కడ ఉంగరం కథ మొదటి సంపుటం వచ్చిన సంవత్సరమే మద్రాసులో చందమామలో 'తోకచుక్క' మొదలైంది. దాంతో మొదలుపెట్టి పాతికేళ్ళు మా తరాన్ని నెలనెలా కట్టిపడేసినాయన దాసరి సుబ్రహ్మణ్యం, మా గుంటూరు జిల్లావాడే. మకరదేవత, రాకాసిలోయ, పాతాళదుర్గం, రాతిరథం, యక్షపర్వతం... ఏ ఒక్కదాని మీదా ఆయన పేరు ఉండేది కాదు. బొమ్మలో ఒక మూల, ఆ బొమ్మలు వేసిన 'చిత్ర' గారి సంతకమైనా కనపడేది. రాసిందెవరో నాకు తెలిసేసరికి నలభై అయిదేళ్ళు దాటాయి. అప్పటిదాకా చందమామే రాస్తుందనుకున్నాను, వాన కురిసినట్టు.

జేబులో రైలు టికెట్టు ఉంది. వెనక ఖాళీ. మా అమ్మాయి దగ్గర పెన్ను తీసుకుని రెండు పేర్లు తెలుగులో రాశాను. మడిచి, మిగతా కాగితాల పక్కన ఒక గులకరాయి కింద పెట్టాను.

"ఏం రాశావు?"

"ఖడ్గవర్మ, జీవదత్తుడు."

"వాళ్ళెవరు?"

టోల్కీన్ వంశవృక్షం మూడు తరాలు చెప్పగలదు నా కూతురు! తప్పు తనది కాదు, ఆ కథలు నేను చెప్పలేదు. బస్సులో మొదలుపెట్టాను. రాతిరథం ముందు చెప్పాలి, తరవాత యక్షపర్వతం, అందులోనూ వాళ్ళిద్దరే. దిగాల్సిన స్టాపు ఎప్పుడు దాటిపోయిందో ఇద్దరం చూసుకోలేదు. వెనక్కి నడిచి స్టేషను చేరేసరికి రైలు వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫాం మీద చలిలో కథ సాగింది, తరవాతి రైల్లోనూ సాగింది. ఇంటి గుమ్మంలో మా ఆవిడ తువ్వాలుతో ఎదురొచ్చి, మాట పూర్తి కానివ్వకుండా నన్ను స్నానాలగదిలోకి తోసింది.

తల మీద నాలుగు చెంబులు పోసుకున్నానో లేదో తలుపు మీద దబదబా చప్పుడు.

"నాన్నా, ఆ తరవాత ఏమైంది?"

కళ్ళలో సబ్బు మండుతోంది.

"ఇంకా ఉంది!" అని అరిచాను.