దేశే కాలే చ పాత్రే చ: చూసి ఇవ్వమన్న గీత

దానాల్లో అన్నిటికన్నా నాసిరకం ఏదని ఎవర్నడిగినా పేరు కోసం చేసేదే అంటారు. గుడి మండపంలో ట్యూబ్‌లైటు మీద తన పేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ ఎర్రరంగుతో రాయించి సగం వెలుతురు ఆపేసే పెద్దమనిషి మనందరికీ తెలిసినవాడే. కానీ భగవద్గీత పదిహేడో అధ్యాయం ఆయన్ని అట్టడుగున కూర్చోబెట్టలేదు. మధ్య మెట్టు ఇచ్చింది. అట్టడుగు మెట్టు మీద ఇంకొకడున్నాడు. ఎక్కడ ఇస్తున్నాడో, ఎప్పుడు ఇస్తున్నాడో, ఎవరికి ఇస్తున్నాడో చూసుకోకుండా, ఎదుటి మనిషిని ఖాతరు చేయకుండా చెయ్యి విదిల్చేవాడు.

శ్రద్ధాత్రయ విభాగ యోగంలో 20, 21, 22 శ్లోకాలు ఈ లెక్క చెబుతాయి. మొదటిది చాలామందికి నోటికి వచ్చిందే:

దాతవ్యమితి యద్దానం దీయతేఽనుపకారిణే ।
దేశే కాలే చ పాత్రే చ తద్దానం సాత్త్వికం స్మృతమ్ ॥

ఇవ్వాలి కాబట్టి ఇస్తున్నానన్న భావంతో, తిరిగి మనకేమీ చేయలేని మనిషికి, తగిన చోట, తగిన వేళలో, తగినవాడికి ఇచ్చేది సాత్త్వికం. బదులు ఆశించో, ఫలం ఆశించో, లోపల్లోపల ఏడుస్తూనో ఇస్తే రాజసం. ట్యూబ్‌లైటు పెద్దమనిషి ఇక్కడికొస్తాడు. ఆయన పేరుపిచ్చి ఎలా ఉన్నా గుళ్లో చీకటైతే తగ్గింది కదా! మూడోది "అదేశకాలే యద్దానమపాత్రేభ్యశ్చ దీయతే, అసత్కృతమవజ్ఞాతం" అంటూ సాగుతుంది. చోటు, వేళ, మనిషి చూడకుండా, మర్యాద లేకుండా చులకనగా ఇచ్చేది తామసం. స్వార్థం కన్నా నిర్లక్ష్యం హీనమా అంటే, దానం విషయంలో అవుననే నాకనిపిస్తుంది. స్వార్థపరుడు తాను పెట్టిన ఫ్యాను తిరుగుతోందో లేదో ఏడాదికోసారైనా వచ్చి చూసుకుంటాడు. నిర్లక్ష్యంగా ఇచ్చినవాడు అటు తిరిగి కూడా చూడడు.

తగిన చోటు, తగిన వేళ అంటే ఏవి? శంకరాచార్యులు తమ భాష్యంలో కురుక్షేత్రం వంటి పుణ్యస్థలం, సంక్రాంతి వంటి పుణ్యకాలం, షడంగాలతో, అంటే వ్యాకరణం వంటి ఆరు తోడు శాస్త్రాలతో, వేదం చదివిన పండితుడు అని రాశారు. సంప్రదాయం ఆ మాటనే పట్టుకుంది. తప్పేం లేదు. ఫీజు పుచ్చుకోకుండా చదువు చెప్పే గురువుకి ఊరు తిండి పెట్టకపోతే అక్కడ చదువే ఉండదు. అయితే అవి ఉదాహరణలు. మన పెద్దవాళ్లు ఏర్పరచిన దానాల పట్టిక చూస్తే వాళ్లకి ఈ సంగతి బాగా తెలుసనిపిస్తుంది. వైశాఖంలో, ఎండలు మాడ్చేసే అక్షయ తృతీయ నాడు ఏం దానమివ్వాలన్నారు? నీళ్లకుండ, గొడుగు, చెప్పులు, విసనకర్ర. చలి వణికించే మకర సంక్రాంతికి? కంబళి, నువ్వులు. పంచాంగం తెరిచి పుణ్యకాలం చూసినట్టే ఉంటుంది గానీ, ఆ వేళకి మనిషి ఒంటికి ఏది అవసరమో అదే చేతిలో పెట్టించారు. ఇప్పుడు మనం అక్షయ తృతీయకి బంగారం కొంటున్నాం. అదీ మనకోసమే.

శ్లోకంలోని ఈ మూడూ ఒకే ఇంట్లో కలిసిన సంగతి కోనసీమలో ఉంది. డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టి, జోగన్నగారి ఇల్లాలిగా లంకల గన్నవరం వచ్చారు. 1909లో కాలం చేసేదాకా ఆ ఇంట్లో పొయ్యి ఆరలేదని ఆ వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె ఎంతమందికి పెట్టిందన్నది అందరూ చెప్పేదే. ఆ ఇల్లు ఎక్కడుందో కూడా చూడాలి. గోదావరి పాయల మధ్య లంకలు. రేవులు, పడవలు. ఆఖరి పడవ తప్పినవాడు, వరదకి చిక్కుకుపోయినవాడు, చీకటి పడ్డాక ఒడ్డుకి చేరినవాడు ఏం తింటాడు? చేతిలో డబ్బున్నా కొనుక్కోవడానికి హోటలు లేని కాలం. అలాంటి దారిలో, వేళకాని వేళ ఎవరు తలుపు తట్టినా ఆమె లేచి ఎసరు పెట్టేవారట. తిన్నవాడు తెల్లారి పడవెక్కి పోతాడు, మళ్లీ ఈ జన్మలో కనబడడు. గీత చెప్పిన 'అనుపకారి'కి బాటసారిని మించిన ఉదాహరణ నాకు తోచదు.

ఆమె గురించి తరచుగా చెప్పుకునే కథ ఒకటుంది. ఎన్నాళ్ల నుంచో అంతర్వేది నరసింహస్వామిని చూడాలని ఆమె కోరిక. ఇంటిని వదిలితే వచ్చినవాళ్లు పస్తులు పోతారని వాయిదా వేస్తూ వచ్చి, చివరికి ఒకరోజు పల్లకీలో బయల్దేరారు. దారిలో బోయీలు అలుపు తీర్చుకోవడానికి పల్లకీ దించారు. ఎదురుగా ఒక కుటుంబం వస్తోంది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. పెద్దవాళ్లు వాళ్లని సముదాయిస్తున్నారు: "ఇంకొంచెం దూరమేరా. గన్నవరం చేరితే సీతమ్మగారింట్లో కడుపునిండా తినొచ్చు." ఆ మాట పల్లకీలో ఉన్న మనిషి చెవిన పడింది. ఆమె బోయీలను వెనక్కి తిప్పమన్నారు. వాళ్లకన్నా ముందే ఇల్లు చేరి వంట మొదలుపెట్టాలి కదా.

అంతర్వేది పుణ్యక్షేత్రమే, కాదనే వాళ్లెవరు? కానీ ఆ పిల్లల ఏడుపు వినబడిన క్షణాన తగిన చోటు గన్నవరం వంటింటికి మారిపోయింది. ఏ శాస్త్రం తిరగేసి ఆమె ఈ నిర్ణయం చేయలేదు. నరసింహస్వామి ఏమీ అనుకోలేదనే నా నమ్మకం. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేక ఉత్సవాలకి రమ్మని పిలుపు వచ్చినా ఆమె కదల్లేదంటారు. స్వామి దగ్గరికే వెళ్లని మనిషి చక్రవర్తి దగ్గరికి వెళ్తుందా!

ఇచ్చే వస్తువు సంగతి కఠోపనిషత్తు మొదట్లోనే తేల్చేసింది. వాజశ్రవసుడు యాగం చేసి ఆవుల్ని దానమిస్తున్నాడు. ఎలాంటి ఆవులు? తాగవలసిన నీళ్లు తాగేసి, మేయవలసిన గడ్డి మేసేసి, ఇవ్వవలసిన పాలు ఇచ్చేసినవి. పక్కనే నిలబడి చూస్తున్న కుర్రవాడు నచికేతుడికి గుండె కలుక్కుమంది. ఇలాంటివి ఇచ్చేవాడు ఆనందమన్నది లేని లోకాలకి పోతాడంటుంది ఉపనిషత్తు. పుచ్చుకున్నవాడికి ఆ ఆవు ఒక బరువు, దానికి మేత తానే వెతకాలి. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరానికి దేశం నలుమూలల నుంచీ పాత బట్టలు లారీలకొద్దీ వెళ్లాయి. ఎవరూ కట్టుకోలేనివి రోడ్ల పక్కన గుట్టలుగా మిగిలిపోయాయి. ఇల్లు, వల, పడవ పోగొట్టుకున్న మత్స్యకారుడికి మన బీరువా ఖాళీ చేసి పంపడం దానం కిందికి వస్తుందో, బీరువా సర్దుకోవడం కిందికి వస్తుందో చెప్పనక్కర్లేదు.

వేళ సంగతికి రక్తదానం తీసుకోండి. అభిమాన హీరో పుట్టినరోజున ఊరంతా క్యూ కడతారు. ఆ ఉత్సాహానికి దణ్ణం పెట్టాలి. కాకపోతే నిలవ చేసిన ఎర్ర రక్తకణాలు 35 నుంచి 42 రోజులే పనికొస్తాయి. ప్లేట్‌లెట్లయితే అయిదు రోజులే. ఇచ్చిన మగవాళ్లు మళ్లీ మూడు నెలల దాకా, ఆడవాళ్లు నాలుగు నెలల దాకా ఇవ్వకూడదు. అందరూ ఒకే రోజు ఇచ్చేస్తే ఆ తర్వాత వారాల్లో ఇవ్వగలిగినవాళ్లే తగ్గిపోతారు. కాలేజీలకి సెలవులిచ్చి శిబిరాలు తగ్గిపోయే మే నెలలో బ్లడ్ బ్యాంకు తలుపు దగ్గర రోగి తాలూకు మనిషి పడే టెన్షన్ చూసినవాళ్లకి 'కాలే' అన్న మాట బోధపడుతుంది. అభిమాన సంఘం ఒక్కటి తన సభ్యుల్ని నాలుగు జట్లుగా విడగొట్టి ఏడాది పొడుగునా పంపితే అదే రక్తం, అదే అభిమానం, ఎంతో ఎక్కువ ప్రాణాలు.

మా కాలనీ గుళ్లో కార్తీక మాసం అన్నదానం గురించి ఒకసారి ఇలాంటి చర్చే నడిచింది. ఆదివారం నాడు చుట్టుపక్కల గుళ్లన్నిట్లోనూ భోజనాలే. ఒకచోట పులిహోర తిన్నవాళ్లే ఇంకోచోట చక్రపొంగలికి వస్తారు. సాయంత్రానికి గంగాళాల్లో అన్నం మిగిలిపోతుంది. ఇదంతా పెద్దాసుపత్రి దగ్గర పెడితేనో అన్నారెవరో. కమిటీ పెద్దాయనకి నచ్చలేదు. "అన్నదానం స్వామి ఎదుట జరగాలి గానీ ఆస్పత్రి గేటు దగ్గరేమిటండీ?" అన్నారు. పూజారిగారు నవ్వి, "నైవేద్యం ఇక్కడే పెడదాం బాబాయిగారూ. ప్రసాదం మటుకు మనమే మోసుకెళ్దాం" అన్నారు. అయినా ఒక పెద్దావిడ ముందు వెళ్లి అడిగి వస్తానంది. ఆ పనే అందరికన్నా తెలివైనది. వార్డు బయట చాపేసుకుని ఉన్న ఒకామె ఆవిడతో చెప్పిందట: "మజ్జాన్నం ఎవరో ఒకరు పెడతానే ఉంటారమ్మా. రాత్రికే ఏం దొరకదు. పిల్లలకి పాలు దొరికితే చాలు." లోపల రోగికి ఆస్పత్రి వాళ్లే భోజనం పెడతారు. కూడా వచ్చినవాళ్ల గురించే ఎవరికీ పట్టదు. పులిహోర గంగాళం తీసుకుని నేరుగా వెళ్లి ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

ఇక్కడొక ప్రమాదం కూడా ఉంది. పాత్రత చూడాలన్నారు కదాని అపాత్రదానం పాపమంటూ చెయ్యి ముడుచుకుని కూర్చునేవాళ్లు మనలో తక్కువేం లేరు. అడిగిన ప్రతివాడూ వాళ్లకి దొంగలాగే కనబడతాడు. శ్లోకం మొదలైందే 'దాతవ్యం' అని. ఇవ్వాలన్నది ముందే ఖాయమైపోయింది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి అన్న విచారణ తర్వాతది. ఆ విచారణలో మనమే న్యాయమూర్తులమై ఎదుటివాడిని బోనులో నిలబెడితే మళ్లీ 'అవజ్ఞాతం' దగ్గరికే వస్తాం. రేషన్ కార్డు చూపించు, కన్నీళ్లు చూపించు అని ఫోన్ కెమెరా ఎదురుగా పెట్టి ఇచ్చే దానాలు ఈమధ్య ఎక్కువయ్యాయి. వాటిని ఏ మెట్టు మీద పెట్టాలో మీరే చెప్పండి.

నిలకడగా ఇవ్వడమెలాగో చూడాలంటే తిరుమల వెళ్లాలి. పద్దెనిమిదో శతాబ్దంలో కవయిత్రి తరిగొండ వెంగమాంబ కొండ మీద అన్నదానం చేయించారు. 1985 ఏప్రిల్ 6న దేవస్థానం నిత్యాన్నదానం మొదలుపెట్టింది. భక్తులిచ్చిన విరాళాన్ని బ్యాంకులో వేసి, దాని మీద వచ్చే వడ్డీతో భోజనం పెట్టడం అక్కడి పద్ధతి. 2011లో తెరిచిన అన్నప్రసాద భవనానికి ఆవిడ పేరే పెట్టారు. దాత గతించాక కూడా ఆయన డబ్బు వంట చేస్తూనే ఉంటుంది. పేరు ఏ కంచం మీదా రాసి ఉండదు.

అయితే ఎంత గొప్ప దాత అయినా ఊళ్లో పిల్లలందరికీ రోజూ పెట్టలేడు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు సర్కారు బడుల్లో వండిన భోజనం పెట్టి తీరాలని ఆదేశించింది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరి నుంచి అది మొదలైంది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టింది. పథకాలకి పెట్టే పేర్ల మీద నాకు పెద్ద మోజు లేదు గానీ ఇది మాత్రం సరిగ్గా అతికింది. లంకల్లో ఒక ఇల్లాలు తన సొంత గాదెలోంచి తీసి చేసిన పని ఇవాళ బడిపిల్లవాడి హక్కు. కంచం పట్టుకుని వరుసలో నిలబడ్డవాడు ఎవరికీ దణ్ణం పెట్టక్కర్లేదు, ఎవరి దయ కోసమూ ఎదురుచూడక్కర్లేదు. దాతలు దారి చూపించాక సమాజం ఆ బాధ్యత ఎత్తుకోవడం కన్నా దానానికి మంచి ఫలం ఏముంటుంది?

అలాగని దాతకి పని లేకుండా పోలేదు. మధ్యాహ్న భోజన పథకంలోనే 'తిథి భోజనం' అని ఉంది. పుట్టినరోజుకో, పెద్దల తిథికో బడిపిల్లలకి మనం అదనంగా ఏదైనా పెట్టవచ్చు. స్వీటు డబ్బాలు ఆర్డరిచ్చే ముందు హెడ్మాస్టరుగారికి ఒక ఫోన్ చెయ్యండి. కంచాలు చాలడం లేదంటారో, నీళ్ల ఫిల్టరు పాడైందంటారో, వంట చేసే ఆవిడకి పెద్ద కుక్కరు కావాలంటారో. "స్వీట్లొద్దండీ, నిన్ననే ఇంకొకరు పంచారు, వచ్చే నెల్లో రండి" అంటే, సరే వచ్చే నెల్లోనే వెళ్లండి.