స్నేహితులు ప్రేమలో పడే నాటిక వేస్తుంటే

వార్షికోత్సవం దగ్గర పడిందంటే మన కాలేజీ నాటక బృందంలో ఎవరో ఒకరు స్నేహితులు ప్రేమలో పడే కథ పట్టుకొచ్చేవారు. ఇద్దరు నటులు, ఒక బెంచీ ఉంటే చాలనిపించే కథ. కానీ హాస్య నాటికల్లో ఇంత తేలిగ్గా చెడిపోయే రకం మరొకటి లేదు. ఈసారి వేయబోయే తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఆ రిహార్సళ్లలో తేలిన సంగతులు రాస్తున్నాను.

ముందుగా చెడేది మొదటి సీనే. చివరికి ఏమవుతుందో నటులకు తెలుసు గనక తొలి డైలాగు నుంచే కళ్లలో ప్రేమ ఒలకబోస్తారు. ఇక మారడానికి ఏం మిగులుతుంది? 40 నిమిషాల నాటికలో తొలి 10 నిమిషాలు అచ్చంగా స్నేహమే ఉండాలి. ఒకరి మాట ఇంకొకరు పూర్తిచేయాలి, అడక్కుండా పెన్ను లాక్కోవాలి, ముఖం చూడకుండానే జవాబివ్వాలి. ఈ స్నేహం పోతే ఎలా అన్న భయమే వాళ్ల నోళ్లు కట్టేసేది. అది చూసేవాళ్లకు తగలకపోతే "చెప్పేస్తే పోలా?" అని వెనక వరసవాళ్లే అనేస్తారు.

మార్పును మాటల్లో చెప్పించకండి, ఒక అలవాటుకు అప్పగించండి. బెంచీ మీద ఆమెకు చోటు ఆపడానికి అతను సంచి పెడతాడనుకుందాం. ఆమె రాగానే తలెత్తకుండానే తీస్తాడు. రెండోసారి, 15వ నిమిషం దాటాక, ఆమె తనకు నచ్చిన మరో కుర్రాడిని వెంటబెట్టుకొస్తుంది. చోటు ఒక్కటే, మనుషులు ఇద్దరు. అతను సంచి చంకన పెట్టుకుని లేచి నిలబడతాడు. నవ్వు పుట్టేదీ, మనసు చివుక్కుమనేదీ అక్కడే. మూడోసారి ఆమే ముందొచ్చి తన సంచి పెట్టి ఉంచుతుంది. ఆ వస్తువు చివరి వరసకూ కనబడాలి. ఉంగరం, చీటీ లాంటివి పనికిరావు.

ఇద్దరికీ ఒకేసారి తెలిసిరాకూడదు. ఒకరికి ముందు తెలిస్తే ఆ దాపరికంతోనే హాస్యం నడుస్తుంది. మూడో మనిషిని దుర్మార్గుణ్ణి చేయడం మాత్రం సోమరితనం. అతను మంచివాడైతేనే ఆమె ఎంపికకు విలువ.

ఇలాంటి కథతోనే 1989లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'వెన్ హ్యారీ మెట్ శాలీ'కి మొదట అనుకున్న ముగింపులో ఆ స్నేహితులిద్దరూ కలవరు, తర్వాత మార్చారు. మీ నాటిక కూడా ఆఖరి రెండు నిమిషాల దాకా ఎటైనా తిరగొచ్చన్నట్టే ఉండాలి. మనసు విప్పే మాట మూడు వాక్యాలు దాటితే ఉపన్యాసమైపోతుంది. నవ్వు పూర్తిగా ఆగేదాకా కాచుకోకండి, తగ్గుముఖం పట్టగానే తర్వాతి డైలాగు అందుకోవాలి. మరీ తొందరపడితే మాట నవ్వులో కొట్టుకుపోతుంది.

కౌగిలి పెడితే కాలరు మైకులు రెండూ ఒరుసుకుని హాలంతా బరబరమంటుంది. సౌండు చూసేవాళ్లకు ముందే చెప్పి ఒక మైకు ఆపించండి. ఆ తర్వాతి డైలాగు ఎవరిదో చూసుకుని, రెండోవాళ్లది ఆపించాలి.