వంతెన కింది పార్కు

అమెరికాలోని శాన్‌డియేగోలో మా చెల్లెలి ఇంటికి వెళ్లిన మూడో రోజు పొద్దున్నే ఎర్ర ట్రాలీ, అంటే ఊళ్లో తిరిగే చిన్న రైలు, ఎక్కి బారియో లోగన్ స్టేషన్‌లో దిగాను. "బీచ్ వదిలేసి వంతెన కిందకి ఎందుకక్కా?" అని చెల్లెలు అడుగుతూనే ఉంది. చికానో పార్కు చూడాలని నాకు ఎన్నాళ్ల నుంచో ఉంది. చికానో అంటే మెక్సికన్ మూలాలున్న అమెరికన్లు.

పార్కు నిజంగా కరొనాడో వంతెన కిందే ఉంది. తలమీద వాహనాల రొద ఒక్క క్షణం ఆగదు. ఆ బరువు మోసే కాంక్రీటు స్తంభాల నిండా బొమ్మలే: పాతకాలపు మెక్సికో అజ్టెక్‌ల దేవతలు, పొలం కూలీలు, మెక్సికన్లు కొలిచే గ్వాడలూపే మేరీమాత, కూలీల నాయకుడు సీజర్ చావెజ్. మెడ నొప్పి పుట్టేదాకా తల పైకెత్తి తిరిగాను.

ఈ బారియో లోగన్ మెక్సికన్ కుటుంబాల పాత పేట. 1950లలో నగరం జోనింగ్, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే నియమాలు, మార్చడంతో ఇళ్ల మధ్యకి ఫ్యాక్టరీలు, పాత కార్ల తుక్కు యార్డులు వచ్చాయి. 1963లో ఫ్రీవే పేటను రెండుగా చీల్చింది. 1969లో వంతెన తెరిచారు. బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దావిడ ఒక స్తంభం వైపు చెయ్యి చూపించారు. వాళ్ల ఇల్లు అక్కడే ఉండేదట. ఆవిడ స్పానిష్‌లో చెబుతుంటే మనవడు నాకు ఇంగ్లీషులో చెప్పాడు.

వంతెన కింద పార్కు ఇస్తామన్న చోట, 1970 ఏప్రిల్ 22న బుల్‌డోజర్లు దిగాయి, హైవే పోలీసుల స్టేషన్ కోసం. మారియో సోలిస్ అనే విద్యార్థి అది చూసి, పరుగెత్తుకెళ్లి అందరికీ చెప్పాడు. జనం బుల్‌డోజర్ల చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. 12 రోజులు అక్కడే ఉండి, ఆ నేలలో కాక్టస్ మొక్కలు, పూలమొక్కలు నాటారు. స్తంభాల మీద బొమ్మలు 1973 నుంచి మొదలయ్యాయి. మన దగ్గర ఫ్లైఓవర్ కింద చోటంటే ముందు పార్కింగే గుర్తొస్తుంది కదా, నాకు కళ్లు చెమర్చాయి.

అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడింది ఒక బొమ్మ ముందు. దాని మీద 'వర్రియో సీ, యోంకెస్ నో' అని ఉంది. పేట కావాలి, తుక్కు యార్డులు వద్దు అని. 1977 నాటిది. ఆ మాట ఇంకా పాతబడలేదు. ఇళ్లకీ పరిశ్రమలకీ మధ్య ఎడం ఉంచే కొత్త ప్లాన్‌ను నగర కౌన్సిల్ 2013లో ఆమోదించింది. ఓడల తయారీ పరిశ్రమ దాన్ని ఓటింగ్‌కి లాగింది. 2014లో నగరమంతా ఓటేసి రద్దు చేసింది. ఆ పరిశ్రమల గాలి పీల్చేది ఒక్క పేట, తేల్చింది ఎక్కడెక్కడో ఉండేవాళ్లు! ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కౌన్సిల్ మళ్లీ ఒక ప్లాన్‌ను ఆమోదించేసరికి 2021 వచ్చింది.

పార్కును సముద్రం దాకా పొడిగించాలని కూడా ఈ పేటవాళ్లు ఏళ్ల తరబడి అడిగారు. మధ్యాహ్నం అటే నడిచాను. దారి పొడవునా కంచెలు, గోదాములు, లారీలు. చివర్లో సీజర్ చావెజ్ పార్కు, కాస్త పచ్చిక, నీళ్లలోకి చాచిన చిన్న చెక్కవంతెన. దానిమీద ఒక నాన్న, ఇద్దరు పిల్లలు గాలాలు వేసుకుని కూర్చున్నారు. చిన్నది నన్ను చూసి బకెట్ వంచి చూపించింది. అందులో అరచేయంత చేప ఒకటి ఈదుతోంది.