వదిన చీరల నంబరు, నా జర్మనీ రూల్స్

"ఆ రూల్సన్నీ మీ జర్మనీల పెట్టుకో అయ్యా, ఇక్కడ నా దుకాణం నడవాలె" అని మొన్న వదిన గట్టిగానే అనేసింది. సెలవుకి హైదరాబాద్ వచ్చా, తను కూకట్‌పల్లిలో ఇంట్లోనే చీరలు అమ్ముతుంది, దానికని కొత్త సిమ్ తీసుకుని వాట్సాప్ బిజినెస్ పెట్టివ్వమంటే కూర్చున్నా. ఎవరో కుర్రాడు వేల నంబర్లున్న లిస్ట్ ఒకటి ఇచ్చాడంట, ఈరోజు సిమ్ వేసి రేపు అందరికీ దసరా ఆఫర్ కొట్టేద్దామని ప్లాన్. వద్దన్నా, అదీ గొడవ.

ఊరికే వద్దనలేదు. ముక్కూమొహం తెలియనివాళ్లకి కొత్త నంబర్ నుంచి ఒకే మెసేజ్ వరసపెట్టి పోతే కొందరు బ్లాక్ కొడతారు, కొందరు రిపోర్ట్ కొడతారు, అవి పెరిగితే వాట్సాప్ ఆ నంబర్‌ని ఆపేస్తుంది. కొన్నాళ్లు ఇంట్లోవాళ్లతోనే చాట్ చేస్తే తర్వాత ఎంతమందికైనా పంపొచ్చని ఆ కుర్రాడి సలహా. అవతలివాళ్లకి మనమెవరో తెలియనప్పుడు ఎన్నాళ్లు ఆగి ఏం లాభం చెప్పండి? జీబీ వాట్సాప్ లాంటి నకిలీ యాప్‌లు, ఒకేసారి వేలమందికి మెసేజ్‌లు పంపే బల్క్ సాఫ్ట్‌వేర్ల జోలికైతే అసలు పోవద్దు.

కానీ వదిన మాట బాగా గుచ్చుకుంది. నేను జర్మనీలో ఒక ఆన్‌లైన్ షాపు ఆఫీసులో పనిచేస్తా. ఆఫర్ల కోసం కస్టమర్ మెయిల్ ఐడీ ఇచ్చినా మళ్లీ ఒక లింక్ పంపుతాం, అది నొక్కి సరే అంటేనే ఇంకో మెయిల్ వెళ్తుంది. 2018లో జీడీపీఆర్ అని యూరప్‌లో జనాల వివరాలు కాపాడే చట్టం వచ్చాక ఇంకా జాగ్రత్త. నాకు ఆ పద్ధతి నిజంగా ఇష్టం, ఇక్కడ దిగినప్పటి నుంచి ప్లాట్లు, లోన్లు, విల్లాలు అంటూ ఫోన్ మోగుతూనే ఉంది మరి. అయినా "మీ దగ్గర అడక్కుండానే పంపేస్తారంట కదా" అని అక్కడివాళ్లు అంటే మాత్రం ఒళ్లు మండుతుంది.

ఎందుకంటే వదిన దగ్గరికొచ్చే ఆడవాళ్లని చూశా. టీ తాగి, చీరలన్నీ తీయించి, ఒక్కటీ కొనకుండా లేచి గుమ్మం దగ్గర "కొత్త గద్వాల్ వస్తే ఫొటో పెట్టు అక్కా" అంటారు. ఇంతకన్నా పర్మిషన్ ఏం కావాలి? అక్కడ ఏళ్ల తరబడి కొనే కస్టమర్ మొహం కూడా నాకు తెలీదు, సరే అని నొక్కిన గుర్తొకటే తెలుసు.

అందుకే వదినకి చెప్పా, అడిగినవాళ్లతోనే మొదలుపెడదాం, ముందు వాళ్లనే ఈ నంబర్‌కి హాయ్ పెట్టమను, పేరుతో సేవ్ చేసుకోమను అని. ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌లో 256 మందే పడతారు, అదీ మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది, కాబట్టి ఆ కుర్రాడిచ్చిన లిస్ట్ ఇందులో ఎక్కించినా పనికిరాదు. ప్రొఫైల్‌లో అడ్రస్, టైమింగ్స్, కేటలాగ్‌లో రేట్లతో సహా చీరలు, నంబర్ ఇంకొకరి చేతికి పోకుండా ఆరంకెల పిన్ అన్నీ పెట్టేశా. ఎవరైనా వద్దంటే అదే రోజు పేరు తీసెయ్యమన్నా.

"మరి వ్యాపారం ఎప్పుడు పెరగాలె?" అంది. పెరుగుతది వదినా, నిజంగా వేలల్లోకి పోతే పెద్ద వ్యాపారాల కోసం వాట్సాప్ ఇచ్చే ఏపీఐ అనే సర్వీసు తీసుకుందాం, అందులో కస్టమర్ మెసేజ్ పెట్టిన 24 గంటల్లో మామూలుగా జవాబివ్వొచ్చు, అది దాటితే వాట్సాప్ వాళ్లు ముందే ఒప్పుకున్న టెంప్లేట్లే, అంటే రెడీమేడ్ మెసేజ్‌లే పంపాలి, అక్కడ కూడా కస్టమర్ సరే అని ఉండాల్సిందే. ఈలోపు పోచంపల్లి అడిగినవాళ్లకి ఫొటోలు తీసి పంపుదాం.