మే నెల కాన్వాసింగే నా గ్రాట్యుటీ ఇప్పించింది

మొన్న నా ఖాతాలో గ్రాట్యుటీ పైసలు పడ్డాయి. అంటే ఒకేచోట వరుసగా ఐదేళ్లు చేసి మానేసినోళ్లకు యాజమాన్యం ఇవ్వాల్సిన డబ్బు. హనుమకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో 2015 జూన్ నుంచి 2024 ఏప్రిల్ దాకా లెక్కలు చెప్పాను.

మానేసేటప్పుడు అడిగితే కరస్పాండెంట్ సార్ "గ్రాట్యుటీ ఫ్యాక్టరీలోళ్లకు మేడమ్, టీచర్లకెక్కడుంటది?" అన్నాడు. ఉంటది. గ్రాట్యుటీ చట్టానికి 2009లో చేసిన సవరణతో 1997 ఏప్రిల్ 3 నుంచే టీచర్లకూ వర్తిస్తుంది. దాని మీద ప్రైవేటు స్కూళ్లు సుప్రీంకోర్టు దాకా పోయి 2022 ఆగస్టులో ఓడిపోయాయి. ఇది యాజమాన్యాలకు తెలియదంటే నేను నమ్మను.

గ్రాట్యుటీ ఇవ్వమని అడిగే దరఖాస్తు, ఫారం ఐ, స్కూలుకు రిజిస్టర్ పోస్టులో పంపాను, జవాబు లేదు. స్కూలు ఇవ్వట్లేదని లేబర్ ఆఫీసులో ఫారం ఎన్ వేశాను. లాయర్‌ను పెట్టుకోలేదు.

అసలు కథ విచారణ రోజు. స్కూలు లాయర్ ఒక ఫైలు తీసి కాగితాలు వరుసగా పరిచాడు. అన్నీ నా రాజీనామాలు! ఏటా ఏప్రిల్‌లో "కుటుంబ కారణాల వల్ల" మానేసి జూన్‌లో కొత్తగా చేరానట. ఎండాకాలం జీతం ఎగ్గొట్టడానికి మా అందరి దగ్గర తెల్లకాగితం మీద సంతకం తీసుకునేవాళ్లు. పెట్టకపోతే ఏప్రిల్ జీతం ఆపేవాళ్లు. పైన టైపు చేసింది వాళ్లు. "ఈ సంతకాలు మీవేనా అమ్మా?" అని అధికారి అడిగారు. నావే. అవునన్నాను. "ఐదేళ్లు కాదు సార్, వరుసగా ఒక్క ఏడాదీ లేదు" అని లాయర్ నవ్వాడు. నా దగ్గర చదువుకున్న పిల్లాడి తండ్రి ఆ గది గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

వాయిదా అడిగి ఇంటికొచ్చి ఫోన్ వెతికాను. ఏటా మే నెలలో మమ్మల్ని అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిప్పేవాళ్లు. "రేపు హసన్‌పర్తి రూట్, పాంప్లెట్లు తీసుకపోండి, మధ్యాహ్నంకల్లా లిస్టు పెట్టండి" అని ప్రిన్సిపల్ మేడమ్ పెట్టిన మెసేజీలు తేదీలతో సహా ఉన్నాయి. హసన్‌పర్తిలో ఒక తల్లి అయితే అడ్వాన్సు కట్టిన రసీదు దాచిపెట్టింది. మే నెల తేదీ, స్కూలు ముద్ర, నా చేతిరాత. మానేసిన మనిషి రసీదు ఎట్లా రాస్తది? అధికారి అదే అడిగారు. లాయర్ దగ్గర జవాబు లేదు.

చివరి నెల బేసిక్ జీతం 18,000. దాన్ని నెలకు 26 పనిదినాల కింద 26తో భాగించి, ఏడాదికి 15 రోజుల జీతం కాబట్టి 15తో గుణిస్తే ఏడాదికి 10,384.61. చివర్లో ఆరు నెలలు దాటితే పూర్తి ఏడాది కిందే లెక్క, కాబట్టి తొమ్మిదేళ్లకు 93,461 రూపాయలు. లెక్క నేనే వేసిచ్చాను, ఒక్క అంకె మార్చలేదు. ఆలస్యానికి 10 శాతం వడ్డీ కూడా వేశారు.

ప్రైవేటు టీచర్లూ, మే నెల మెసేజీలు డిలీట్ చేయకండి. జీతం బ్యాంకులోనే వేయించుకోండి. "కేసెందుకు మేడమ్, మాట్లాడుకుందాం" అనే అకౌంటెంట్ల మాట అసలే వినకండి, గడువు దాటించడానికే ఆ తీపి మాటలు. అదే స్కూల్లో మానేసిన ఇద్దరు టీచర్లకు ఈ ఆదివారం మా ఇంట్లో ఫారాలు నింపుతున్నాం.