ఆరో తరగతికి ఏ జెడ్పీ హైస్కూలు? గోడ రంగు కాదు, టైంటేబుల్ చూడండి

నవోదయ పరీక్ష రాయించారు, మోడల్ స్కూలు ఎంట్రన్స్ రాయించారు, గురుకులానికీ దరఖాస్తు పెట్టారు. సీటు రాలేదు. "ఇంకేముంది, జెడ్పీ హైస్కూలే గతి" అనుకుని జూన్‌లో దగ్గరున్న బడికి తీసుకుపోయి పేరు రాయించి వచ్చే తల్లిదండ్రులు మన కర్నూలు, అనంతపురం, కడప పల్లెల్లో చాలామందే ఉన్నారు. పరీక్ష పెట్టి ఏరుకునే బడుల గురించి అయితే ఏడాది ముందు నుంచే అందరినీ అడుగుతారు. పరీక్ష లేని బడి గురించి మాత్రం ఎవరినీ అడగరు. అసలు విచారించాల్సింది ఇక్కడే. ఊళ్లో ఒక హైస్కూలు, నాలుగైదు కిలోమీటర్ల అవతల ఇంకొకటి, మండల కేంద్రంలో బాలికలది వేరుగా ఒకటి ఉంటాయి. సిలబసు, పుస్తకాలు అన్నిటికీ ఒకటే. చదువు మాత్రం ఒకటి కాదు.

ముందు ఒక మాట. విద్యాహక్కు చట్టం (2009) 13వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి వరకు ఏ జెడ్పీ బడీ పరీక్ష పెట్టి పిల్లల్ని వడపోయకూడదు, డొనేషన్ అడగకూడదు. చేర్చుకున్నాక పిల్లోడికి చదవడం, రాయడం, కూడికలు, భాగహారాలు ఎంతవరకు వచ్చో చూసే బేస్‌లైన్ పరీక్ష వేరు. అది మంచిదే, పెట్టనివ్వండి.

బడి చూడటానికి మే నెలలో పోతే ఫలితం లేదు, తాళం వేసి ఉంటుంది. ఏప్రిల్ 23 లోపు, బడి నడుస్తుండగా పోవాలి. మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు కాబట్టి ఉదయం తొమ్మిదింటికల్లా అక్కడుంటే మేలు. పోయే ముందు ఫోన్‌లో యూడైస్ ప్లస్ (దేశంలోని బడుల వివరాలుండే ప్రభుత్వ) సైటు తెరిచి, బడి పేరుతో గానీ పదకొండు అంకెల యూడైస్ కోడ్‌తో గానీ వెతికితే ఆ బడి రిపోర్ట్ కార్డు వస్తుంది. తరగతివారీగా పిల్లలెందరు, టీచర్లెందరు, గదులెన్ని అనేవి అందులో ఉంటాయి. అవి పాత ఏడాది లెక్కలు, బడివాళ్లు ఎక్కించినవి. పోయి అడగాల్సిన ప్రశ్నలు తయారు చేసుకోవడానికి పనికొస్తాయి, అంతకుమించి నమ్మొద్దు.

హెచ్ఎం గదిలో సాధారణంగా సిబ్బంది వివరాల బోర్డు ఉంటుంది. తెలుగు, హిందీ, ఇంగ్లిషు, లెక్కలు, ఫిజికల్ సైన్స్, బయాలజీ, సోషల్ అని ఏడు సబ్జెక్టులు, వాటికి స్కూల్ అసిస్టెంట్లు, పైన వ్యాయామ ఉపాధ్యాయుడు. మంజూరైన పోస్టులెన్ని, పనిచేస్తున్నవాళ్లెందరు, ఖాళీలెన్ని అని మూడు వరుసలుంటాయి. చాలామంది "లెక్కల సారు ఉన్నాడా?" అని అడుగుతారు. "ఉన్నాడు" అంటారు, నిజమే. అడగాల్సింది "ఆరో తరగతికి లెక్కలు ఎవరు చెబుతున్నారు?" అని. ఈ రెండు ప్రశ్నలకూ చాలా దూరం ఉంది. పదో తరగతి ఫలితాల ఒత్తిడితో గట్టి టీచర్లను తొమ్మిది, పది తరగతులకు కేటాయించి, ఆరు, ఏడు తరగతులను ఖాళీగా ఉన్నవాళ్లకో, సర్దుబాటు మీద వచ్చినవాళ్లకో అప్పగించే బడులున్నాయి. పిల్లోడికి భిన్నాలు, రుణ సంఖ్యలు అర్థం కావాల్సింది ఆరులోనే. అక్కడ జారితే పదిలో ఎంత మంచి సారైనా చేసేది తక్కువ.

అందుకే టైంటేబుల్ అడిగి చూడండి, అదేమీ రహస్యం కాదు. రోజుకు ఎనిమిది పీరియడ్లయితే వారానికి 48. ఒక్కో తరగతికి లెక్కలు వారానికి ఏడు పీరియడ్లు అనుకుందాం. ఆరు నుంచి పది వరకు ఒక్కో సెక్షనే ఉంటే 35 పీరియడ్లు, ఒక్క టీచరు లాగగలడు. రెండేసి సెక్షన్లుంటే 70, అప్పుడు ఇద్దరు కావాలి. ఇద్దరు కావాల్సిన చోట ఒక్కరే ఉంటే రెండు సెక్షన్లనూ ఒకే గదిలో కూర్చోబెట్టి చెబుతుంటారు, లేదా ఆ పీరియడ్లు లైబ్రరీ, పీఈటీ పేర్లతో గడిచిపోతాయి. టైంటేబుల్ మీద ఒకే పేరు అన్ని గడుల్లోనూ కనబడితే అది కాగితం కోసం రాసిన టైంటేబుల్.

హిందీ గురించి వేరుగా అడగాలి. మన ప్రభుత్వ బడుల్లో హిందీ మొదలయ్యేదే ఆరులో, అక్షరాల నుంచి. ఆ ఏడాది హిందీ పోస్టు ఖాళీగా ఉంటే పిల్లోడు ఏడుకు అక్షరాలు రాకుండానే పోతాడు. ప్రైవేటు బడి నుంచి వచ్చే పిల్లలకు హిందీ ముందే కొంత వచ్చి ఉంటుంది కాబట్టి వాళ్ల తల్లిదండ్రులకు ఇది తట్టదు.

పోస్టు ఉండి మనిషి లేకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి: డెప్యుటేషన్, దీర్ఘకాల సెలవు, హెచ్ఎం పోస్టు ఖాళీ అయితే సీనియర్ టీచరే పూర్తి అదనపు బాధ్యతల్లో ఆఫీసు పనికి పరిమితం కావడం. వీటన్నిటికంటే పెద్దది బదిలీలు. 2025 బదిలీల చట్టం ప్రకారం ఒకే చోట ఎనిమిది విద్యా సంవత్సరాలు నిండిన టీచరు, ఐదేళ్లు నిండిన హెచ్ఎం తప్పనిసరిగా కదలాలి. ఏప్రిల్‌లో మీరు చూసిన మంచి లెక్కల సారు జూన్‌కు వేరే మండలంలో ఉండొచ్చు. "ఈ వేసవిలో ఎవరికి ఎనిమిదేళ్లు నిండుతున్నాయి?" అని అడిగితే స్టాఫ్‌రూంలో ఎవరైనా వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతారు. జూన్ 12న బడి తెరిచాక ఇంకోసారి బోర్డు చూసి, అప్పుడే పేరు రాయించండి.

ఇంకో సంగతి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినా జిల్లా పరిషత్తులు ఉమ్మడిగానే ఉన్నాయి. నంద్యాల వైపు జెడ్పీ బడి కూడా కర్నూలు జెడ్పీదే. టీచర్ల బదిలీలూ ఉమ్మడి జిల్లా యూనిట్‌గానే జరుగుతాయి. కోసిగి, కౌతాళం, హొళగుంద లాంటి పడమటి మండలాల్లో చేరిన టీచరు బదిలీకి కావాల్సిన పాయింట్లు రాగానే కర్నూలుకో నంద్యాలకో దగ్గరగా రావాలని చూడటం సహజం. కాబట్టి టౌను చుట్టుపక్కల బడుల్లో సీనియర్లు, సరిహద్దు మండలాల్లో ఖాళీలు. 16,347 పోస్టుల మెగా డీఎస్సీ (2025)తో కొత్త టీచర్లు వచ్చారు. దూరపు బడిని పాత పేరు విని కొట్టేయకండి, పోయి చూడండి.

పదో తరగతి ఫలితాల ఫ్లెక్సీ గేటు దగ్గరే కనిపిస్తుంది. "నూరు శాతం" అని ఉంటే ఎందరికి నూరు శాతమని అడగండి. పన్నెండు మందిలో పన్నెండు మంది పాసవడం, తొంభై మందిలో ఎనభై మంది పాసవడం ఒకటి కాదు. ఇంకా గట్టి కొలత కావాలంటే, ఐదేళ్ల కిందట ఆరులో ఎందరు చేరారు, వాళ్లలో ఎందరు పది రాశారు అని చూడాలి. మధ్యలో మాయమైనవాళ్లు శాతాల్లో కనపడరు. మొత్తం 600 మార్కులకు 500 దాటినవాళ్లెందరు, తప్పినవాళ్లు ఏ సబ్జెక్టులో తప్పారు అన్నవీ అడగండి. ఏటా లెక్కల్లోనే తప్పుతుంటే ఆ బడి జబ్బు ఏమిటో తెలిసిపోయినట్టే. ఒక్క టాపర్ ఫొటో చూసి మురిసిపోవద్దు. ఆ పిల్ల ఏ బడిలో ఉన్నా చదివేది.

మీడియం సంగతి. ప్రభుత్వ బడుల్లో పుస్తకాలు ఒక పక్క ఇంగ్లిషు, ఎదురు పక్క తెలుగుతో వస్తాయి. కాగితం మీద మీడియం ఏదైనా, టీచరు పాఠాన్ని తెలుగులో వివరించి ఇంగ్లిషులో రాయిస్తున్నాడా, గైడు చూసి బోర్డు మీద జవాబులు ఎక్కిస్తున్నాడా అన్నది ఏడో తరగతి పిల్లోడి నోట్సు తిరగేస్తే తెలుస్తుంది. అన్ని నోట్సుల్లోనూ అక్షరం అక్షరం ఒకే జవాబు ఉంటే అది రెండో రకం. ఆదోని, కర్నూలు, కడప, రాయచోటి వైపు ఉర్దూ మీడియం, మడకశిర, రాయదుర్గం వైపు కన్నడ మీడియం ఉన్న బడులుంటాయి. ఐదు వరకు ఉర్దూలోనో కన్నడలోనో చదివిన పిల్లల్ని ఆరులో తెలుగు సెక్షన్‌లో వేసేముందు, ఆ మీడియంలో లెక్కలు, సైన్స్ చెప్పే టీచరు పదో తరగతి వరకూ ఉన్నాడా అని చూడండి. ఎనిమిదిలో మీడియం మార్చాల్సి రావడం కంటే ఆరులో మార్చడమే నయం.

నాడు-నేడు పనులయ్యాక గోడలు, బెంచీలు చాలాచోట్ల బాగున్నాయి. వాటిని చూసి నిర్ణయం తీసుకోవద్దు. చూడాల్సినవి రెండే. ఒకటి, ఆడపిల్లల మరుగుదొడ్డిలో కొళాయి తిప్పితే నీళ్లొస్తున్నాయా, లోపలి గడియ పడుతోందా. రెండు, నీళ్ల ప్లాంటు పనిచేస్తోందా. అనంతపురం జిల్లాలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లు చాలా ఉన్నాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ప్లాంటు ఉండి ఫిల్టర్ మార్చక మూలపడి ఉంటే పిల్లలు బోరు నీళ్లే తాగుతుంటారు. మధ్యాహ్న భోజనం ఎలా ఉందో తెలియాలంటే గంట కొట్టే వేళకు పోయి, పదో తరగతి పిల్లలు అక్కడే తింటున్నారా, ఇంటి నుంచి బాక్సు తెచ్చుకుంటున్నారా చూడండి. మెగా పీటీఎం (తల్లిదండ్రులు, టీచర్ల సమావేశం) రోజు చూసి మాత్రం ఏ అభిప్రాయానికీ రావద్దు. ఆ రోజు అన్ని బడులూ బాగుంటాయి.

దూరం విషయంలో ఆడపిల్లలకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. చార్జీ సమస్య తీరింది, వేళల సమస్య తీరలేదు. పదో తరగతికి వచ్చాక సాయంత్రం స్టడీ అవర్లుంటాయి. అవి వదిలేసరికి ఆఖరి బస్సు పోతే ఆ పిల్ల రోజూ చివరి గంట వదులుకోవాల్సిందే. డిపోలో ఆ రూటు ఆఖరి సర్వీసు ఎప్పుడో ఇప్పుడే కనుక్కోండి.

సుగ్గికి (పనుల కోసం వలస) గుంటూరు వైపు మిరప, పత్తి కోతలకు పోయే కుటుంబాలు బడి కంటే ముందు హాస్టలు చూసుకోవాలి. ఎస్సీ, బీసీ సంక్షేమ హాస్టళ్లలో ఉండి పక్కనున్న జెడ్పీ హైస్కూలుకు పోవచ్చు. వలసల కాలంలో నడిపే సీజనల్ హాస్టల్ మీ బడిలో పెడతారా అని ఎంఈవో ఆఫీసులో అడగండి. అది తెరిచేలోపే మీరు పోవాల్సి వస్తుందా అన్నది కూడా చూసుకోండి, చాలామంది పిల్లలు బడికి దూరమయ్యేది ఆ మధ్యలోనే.

పరీక్ష లేని బడికీ కొన్ని లాభాలున్నాయి. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏటా 12,000 రూపాయలు, మొత్తం 48,000. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50 చాలు. నవోదయ, గురుకులాల లాంటి రెసిడెన్షియల్ బడుల పిల్లలు దీనికి అర్హులు కారు. బడి ఏటా ఎందరితో ఈ పరీక్ష రాయిస్తోంది, ఎందరికి వస్తోంది అని అడగండి. ఆ బడిలో ఎనిమిదో తరగతిని పట్టించుకునేవాళ్లున్నారో లేదో అందులోనే తెలిసిపోతుంది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లోనూ, నాన్ రెసిడెన్షియల్ ప్రభుత్వ బడుల్లో పది చదివినవాళ్లకు మార్కుల మీద 4 శాతం డిప్రివేషన్ స్కోరు (వసతులు తక్కువున్న బడి పిల్లలకిచ్చే అదనపు మార్కులు) కలుపుతారు.

ఇక కాగితాలు. ప్రైవేటు బడి నుంచి వస్తుంటే ఫీజు బాకీ ఉందని టీసీ ఆపడం మామూలే. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ బడి చేర్చుకోకపోవడానికి వీల్లేదు. కానీ టీసీ చేతికొచ్చినంత మాత్రాన పని అయిపోదు. పాత బడి ఆన్‌లైన్‌లో పిల్లోడి పేరును డ్రాప్‌బాక్స్‌లోకి (బడి మారే పిల్లల జాబితాలోకి) వదలాలి, కొత్త బడి అక్కడి నుంచి తీసుకోవాలి. ఇది జరగకపోతే పిల్లోడు కొత్త బడిలో కూర్చుని చదువుతున్నా రికార్డుల్లో పాత బడిలోనే ఉంటాడు. పుస్తకాల కిట్టు, తల్లికి వందనం డబ్బులు ఇక్కడే చిక్కుకుంటాయి. "మా పిల్లోడి పేరు మీ లాగిన్‌లో కనపడుతోందా?" అని వారంలో ఒకసారి అడిగి, కంప్యూటర్‌లో చూపించమనండి.

అడ్మిషన్ రిజిస్టర్‌లో పేరు, ఇంటిపేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా పడ్డాయా అని సంతకం పెట్టేముందు చదువుకోండి. పుట్టుమచ్చలు రెండు రాయించడం మరవొద్దు. పదో తరగతి మెమోలో ఏది అచ్చయితే జీవితాంతం అదే చెల్లుతుంది. తర్వాత మార్చుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి, పుట్టిన తేదీ అయితే దాదాపు మారదు. ఆధార్‌లోనే తప్పుంటే పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) పంపే వేళకు కాదు, ఆరులో చేరిన ఏడాదే దిద్దించండి. పదిహేనేళ్లకు ఎటూ బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించాలి, అప్పటిదాకా ఆగితే పదో తరగతి దరఖాస్తు వేళకు రెండు పనులూ ఒకేసారి మీద పడతాయి.